కోడి లేని కోడి రుచి

మంగళవారం సాయంత్రం, వంటిల్లు. స్టూలెక్కి బల్బు మారుస్తున్న భర్త. పెళ్ళయి పది వారాలైన భార్య ఒక చేత్తో స్టూలునీ, ఇంకో చేత్తో ఫోన్‌నీ పట్టుకుని నిలబడి ఉంది.

"పాసైంది! ఏవండీ, పాసైందండీ!"

"స్టూలు! స్టూలు వదలకు!"

"నా పదిహేడో నంబరు పొడి పాసైంది! మా పెద్దసారే ఫోన్ చేశారు. పన్నెండు మందికి రుచి చూపిస్తే పదకొండు మంది..."

"ముందు స్టూలు పట్టుకో తల్లీ. నేను పడ్డానంటే ఆ పదకొండు మందీ నన్ను చూడ్డానికి రావాల్సొస్తుంది."

"పట్టుకున్నాను. పదకొండు మంది ఏమన్నారో తెలుసా?"

"మెల్లిగా. అమ్మ పక్క గదిలోనే బట్టలు మడత పెడుతోంది."

"మెల్లిగానే చెప్తున్నా. అచ్చం కాల్చిన కోడే అన్నారట! కళ్ళు మూసుకుని తింటే ఎముక ఎక్కడుందా అని వెతుక్కున్నారట!"

"పన్నెండో ఆయన?"

"పన్నెండో ఆయనకి జలుబు. దిగండీ, మీరు దిగితేగానీ నేను గెంతలేను."

"ఇదిగో, దిగాను. ఇక గెంతు."

"గెంతుతున్నా!"

"స్విచ్చి వెయ్యకుండానే వెలుగొచ్చింది మనింట్లో."

"అబ్బ! ఈ మాట ఈ రాత్రికి అద్దం మీద రాసి పెడతాను. ఏవండీ, ఇందులో సగం గొప్ప మీ స్నేహితుడిదే. ఆ పొడి ఎంతకీ కుదరక నేను ఏడుస్తుంటే అతని మాటలు మీరు మోసుకొచ్చారు చూడండీ, అక్కణ్ణుంచీ దారి దొరికింది. 'కొరగ్గానే ముందు తగలాల్సింది ఉప్పు కాదు, పొగ. తర్వాత కాస్త తీపి. ఆఖర్న చర్మం మాడిన చేదు, గోరంత.' ఎంత ముచ్చటగా చెప్పాడండీ! ఒకసారి భోజనానికి పిలుద్దాం."

"ఎవర్ని?"

"మీ స్నేహితుణ్ణి."

"వద్దులే. ఆయనకి ఖాళీ ఉండదు."

"ఆయనా? నిన్నటిదాకా వాడు అన్నారు."

"వాడే. వాడికి ఖాళీ ఉండదు."

"ఎవర్రా ఖాళీ లేనిది? ఏంటా గంతులు? కింద వాటాలో వాళ్ళు పైకప్పు ఊడిపడుతోందనుకుంటారు."

"ఏం లేదమ్మా, బల్బు మార్చాను."

"బల్బు మారిస్తే గెంతుతారా?"

"అత్తయ్యా, ఆఫీసులో నేను చేసిన పొడి పాసైంది!"

"పాసైందా! ఆ మాట నాకు చెప్పకుండా మీలో మీరే గెంతుతున్నారేం? ఇలా రా, నోరు తీపి చేస్తాను. ఇంతకీ ఏం పొడి?"

"చిప్స్ మీద చల్లే పొడి అత్తయ్యా."

"అదే, ఏం పొడి? టమాటానా?"

"అంటే... మసాలా."

"మసాలా అంటే?"

"మసాలా అంటే మసాలానే అమ్మా. ఆ తువ్వాలు ఇలా ఇస్తావా?"

"నిన్నడగలేదు. కోడల్ని అడిగాను. కోడలేమో కొత్త బల్బు వంక చూస్తోంది."

"బాగా వెలుగుతోందా అని చూస్తోందమ్మా."

"ఇంకా స్విచ్చే వెయ్యలేదు కదరా. సరే, మీరు చెప్పకపోతే నేనే అడుగుతాను. నీ సంచిలోంచి క్యారేజీ తీసి కడుగుదామని చూస్తే ఈ పొట్లం దొరికింది. దీనిమీద కోడి బొమ్మ ఎందుకుందమ్మా?"

"అది... నమూనా ప్యాకెట్టు అత్తయ్యా."

"దేని నమూనా?"

"బొమ్మేగా అత్తయ్యా."

"బొమ్మే. నారింజ బొమ్మ ఉన్న సీసాలో నారింజ రసం ఉంటుంది. పల్లీ బొమ్మ ఉన్న డబ్బాలో పల్లీలుంటాయి. కోడి బొమ్మ ఉన్న పొట్లంలో ఏముంటుంది?"

"బంగాళాదుంపలు."

"సబ్బు మీద పిల్లాడి బొమ్మ ఉంటుంది. లోపల పిల్లాడుంటాడా అమ్మా?"

"సబ్బు ఎవడన్నా తింటాడురా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మధ్యలో నువ్వెందుకు? ఇక్కడేం రాసుందో చదవనా? కాల్చిన కోడి రుచి."

"కింద కూడా చదవండి అత్తయ్యా. 'శాకాహారులకు తగినది' అనుంది."

"ఎక్కడ?"

"అదిగో, ఆ మూల."

"ఇదా? చీమ అనుకున్నాను. కోడి పేరు అరచేతంత, శాకాహారం పేరు చీమంత. నిజమైన మాటని ఎవరన్నా ఇంత సన్నగా రాస్తారా? చెప్పడానికి వాళ్ళకే సిగ్గేసినట్టుంది."

"నిజంగా కోడి లేదత్తయ్యా. ఈక కూడా లేదు. నేనే చేశాను, నాకు తెలీదా?"

"అయితే లోపల ఏమున్నాయో వరసగా చెప్పు."

"ఉప్పు, చక్కెర, ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి, ఈస్టు..."

"ఆగాగు. ఈస్టంటే?"

"రొట్టె పిండి పొంగడానికి వేస్తారే, అదే. ఎండబెట్టి పొడి చేస్తారు."

"పొంగుతోందంటే ప్రాణమున్నట్టేగా?"

"పుట్టగొడుగులకి చుట్టం అత్తయ్యా."

"కోడి వైపు నుంచి ఏమీ బంధుత్వం లేదుగా?"

"అస్సల్లేదు. పిలుపులు కూడా లేవు."

"నవ్వకు. మరి కాల్చిన వాసన ఎక్కడిది?"

"చెక్క పొగ పట్టించాం."

"మాంసం రుచో?"

"చక్కెరా ఈస్టూ కలిపి సన్నటి సెగ మీద ఎర్రగా వేయిస్తే వస్తుందత్తయ్యా. ఒక్క నిమిషం ముందు దించితే రొట్టె వాసన. ఒక్క నిమిషం ఆలస్యమైతే కాలిన చెప్పు వాసన. ఆ మధ్యలో ఎక్కడో కోడి ఉంటుంది. దాన్ని పట్టుకోడానికి నాకు పదిహేడుసార్లు పట్టింది."

"చూశావామ్మా, ఎంత చక్కగా చెప్పిందో!"

"చక్కగానే చెప్పింది. అందుకే నాకు అనుమానం. సరే, ఇందులో కోడి లేదు. నమ్మాననుకో. ఇప్పుడు ఒక్కటి చెప్పమ్మా. అచ్చం కాల్చిన కోడే అని పదకొండు మంది అన్నారు కదా..."

"అది మీకెలా తెలుసత్తయ్యా?"

"మీరు గుసగుసలాడితే వీధి చివరి దుకాణంవాడికి వినబడుతుంది. పక్క గదిలో ఉన్నదానికి వినబడదా? అడిగినదానికి చెప్పు. కోడి రుచి నీకెలా తెలుసు?"

"నాకు తెలీదత్తయ్యా."

"తెలియకుండా అచ్చం ఎలా చేశావు?"

"అందుకే ఆ పని నాకిచ్చారు! మా పెద్దసారు ఒక మాటంటారు. తిన్నవాడికి చేయమని ఇస్తే వాళ్ళమ్మ వండిన కోడి రుచే తెస్తాడట. తిననివాళ్ళకి ఇస్తే అందరినీ అడిగి అందరి కోడీ తెస్తారట. అందుకే మాంసం పొడులన్నీ శాకాహారులకే ఇస్తారు. చేప పొడి చేసే ఆవిడ జన్మలో చేపల బజారు వైపు వెళ్ళలేదు."

"మీ సారు బుర్ర బోర్లించిన చెంబులా ఉందే. ఈత రానివాడిచేత ఈత నేర్పిస్తున్నట్టుంది."

"కానీ కుదిరింది కదత్తయ్యా!"

"కుదిరింది కాబట్టే అడుగుతున్నాను. కుదరకపోయుంటే నీ నోట్లో వేలు పెట్టినా కొరకవని నమ్మేదాన్ని. నిజం చెప్పు. ఒకసారి రుచి చూశావా? ఆఫీసు పనేగా, ఒక్క ముక్కేగా అని?"

"లేదత్తయ్యా! మీమీదొట్టు. కావాలంటే నా నోటుపుస్తకం చూడండి. ఎవరెవరు ఏం చెప్పారో అన్నీ రాసుకున్నాను."

"తీసుకురా."

"ఇప్పుడా?"

"నోటుపుస్తకం ఎందుకమ్మా ఇప్పుడు? వెలుతురు చాలదు."

"కొత్త బల్బు వేశావుగా. స్విచ్చి వెయ్యి. నువ్వు చదువమ్మా."

"లిఫ్టు నడిపే ఆయన: 'తిన్నాక వేళ్ళు కడుక్కోబుద్ధి కాకూడదు.' ప్యాకింగు సూపర్వైజరు: 'బాగుంటుంది.' ఎలా బాగుంటుందండీ అని అడిగితే, 'బాగా' అన్నాడు. రిసెప్షన్‌లో అమ్మాయి: 'మా అమ్మమ్మ గుర్తొస్తుంది.' ఆ పిల్ల ఏడ్చేసింది, అది పనికిరాలేదు. వాచ్‌మన్..."

"వాచ్‌మన్ సంగతి తర్వాత. మధ్యలో రెండు పేజీలు కలిపి తిప్పేశావే?"

"అంటుకుపోయాయత్తయ్యా."

"ఇలా ఇవ్వు. అంటుకున్నవి విడదీయడం నాకొచ్చు. ఇదిగో. 'మా ఆయన.' పైన గీత, కింద గీత, పక్కన పువ్వు బొమ్మ. మూడు పేజీలు! ఒరేయ్!"

"అమ్మా, అది నేను కాదు."

"ఈ ఇంట్లో ఈ అమ్మాయికి ఎంతమంది ఆయనలున్నారు?"

"నేను చెప్పిన మాటే. కానీ నా మాట కాదు."

"నువ్వు తింటున్నావా?"

"జన్మలో ముట్టలేదు. ఒట్టు."

"ఎవరిమీద?"

"నామీద."

"నీమీద నీకు గౌరవం లేదు. నామీద వెయ్యి."

"నీమీదొట్టమ్మా. నేను ముట్టలేదు. ఒకాయన చెప్తే విని ఈమెకి చెప్పాను, అంతే."

"ఎవరా ఒకాయన?"

"స్నేహితుడమ్మా. నీకు తెలీదు."

"నాకు తెలియని స్నేహితుడు నీకెక్కడున్నాడు? ఉన్నదే ఇద్దరు. సైకిలు దుకాణం వాడు అన్నీ చప్పగా తింటాడు, కడుపులో పుండు. పళ్ళ డాక్టరుకి నోరు తెరిపించడమే వచ్చు, తెరవడం రాదు. ఈ మాటలు చెప్పినవాడు వాళ్ళిద్దరిలో ఎవడూ కాదు. చదువుతాను ఉండు. 'మెడ ముక్క దగ్గర మాంసం తక్కువ, రుచి ఎక్కువ. తొందరపడేవాడికి అది దక్కదు.' ఎవడ్రా వీడు? తింటున్నాడా, తపస్సు చేస్తున్నాడా?"

"కాలేజీలో కలిసి చదివాడత్తయ్యా."

"అని నీకు చెప్పాడా?"

"అలాగే చెప్పారు. కానీ ఇందాక 'వాడు' అనకుండా 'ఆయన' అన్నారు. ఏవండీ, ఇందాక మీరు 'ఆయన' అన్నారు కదూ?"

"నోరు జారింది."

"ఎంత వయసుంటుంది మీ స్నేహితుడికి?"

"కాస్త పెద్దాయనే."

"కాస్త పెద్దాయన మీతో కాలేజీలో ఏం చదివాడండీ?"

"ఆలస్యంగా చేరాడు."

"నా కళ్ళలోకి చూసి చెప్పండి."

"ఇద్దరూ కలిసి నన్ను నిలదీస్తే ఎలా? ఇందాకటిదాకా మనిద్దరం ఒక జట్టు కదా?"

"ఇందాకటిదాకా మీకున్న స్నేహితుడు నిజం. ఏవండీ, పది వారాల్లో మీరు నాతో ఆడిన మొదటి అబద్ధం ఇదేనా? లేక దొరికినవాటిలో మొదటిదా?"

"నీతో అబద్ధం ఆడాలని కాదు. ఆయనకి మాటిచ్చాను."

"నాకివ్వలేదా మాటలు?"

"నీకిచ్చినవి పెద్దవి. ఇది చిన్నది. చిన్నదే గొంతులో అడ్డం పడింది."

"సరే. ఇద్దరూ ఆపండి. వాడు చెప్పడు, నువ్వు తినలేదంటావు. మీ మామగారు ఆరున్నరకి ప్రింటింగు ప్రెస్సు నుంచి వస్తారు. ఈ పొట్లం, ఈ పుస్తకం రెండూ ఆయన ముందు పెడతాను. ఆయన ఏమంటే అదే."

"నాన్నెందుకమ్మా మధ్యలో!"

"ఆయన కాకపోతే ఎవర్రా? ముప్పై రెండేళ్ళ కాపురంలో ఈ ఇంటి గడప గుడ్డు కూడా దాటలేదు. ఆయనకి వాసన పడదని పెళ్ళయిన వారానికే వెల్లుల్లి మానేశాను నేను. పక్కింట్లో ఏదన్నా వండారంటే ఆ కిటికీ దగ్గర నిలబడిపోతారు, కళ్ళు మూసుకుని. నేను వెళ్ళి తలుపులు వేసేదాకా కదల్లేరు పాపం. అంత సున్నితం ఆ మనిషి."

"అమ్మా, ఆ ఒక్క పనీ చెయ్యకు. నన్ను తిట్టు. ఈమెని కూడా తిట్టు. నాన్నకి చెప్పకు."

"ఈమెనెందుకండీ మధ్యలో వేస్తారు?"

"నువ్వు కూడా నన్ను తిట్టు. ఆయన ముందు ఆ పుస్తకం తెరవద్దు, అంతే."

"వీడింత గింజుకుంటున్నాడంటే ఇందులో ఏదో ఉంది. తెరవాల్సిందే."

"మామగారు వద్దంటే ఏం చేస్తారత్తయ్యా?"

"ఏం చేస్తానమ్మా? ఆ ఉద్యోగం మానెయ్యాలి. పొద్దున్నంతా కోడి వాసన కలిపిన చేత్తో సాయంత్రం ఆయన పళ్ళెంలో వడ్డిస్తే ఎలా?"

"రేపు పదింటికి నేను సంతకం పెట్టాలత్తయ్యా. శాకాహారులకు తగినదని ఇకనుంచీ ప్యాకెట్లన్నిటిమీదా వేస్తారు కదా, దానికి పూచీ నాది. సంతకం పెడితే నాకు సొంతంగా ఒక బల్ల ఇస్తారు. కిటికీ పక్కన. సొరుగుకి తాళం కూడా ఉంటుంది. ఆ సొరుగులో ఏం పెట్టుకోవాలో కూడా అనుకున్నాను."

"ఏం పెట్టుకుంటావు?"

"ఇంకా ఏం లేవు. అద్దం, దువ్వెన. ఆయన ఫొటో ఒకటి."

"అబద్ధాలాడే ఆయనదా?"

"ఇందాకటిదాకా ఆడలేదుగా అత్తయ్యా."

"ఏడవకమ్మా. నేనేం రాక్షసినా? నువ్వొచ్చాక ఇంట్లో నవ్వు వినబడుతోంది. నిన్న డబ్బాలకి రంగురంగుల కాగితాలు అంటించావు, అవి చూసుకుంటూ పొద్దున పాలు పొంగించేశాను. కానీ లోకం ఉంది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లు తాగారనే అంటారు. నా కోడలు కోడి రుచి చేస్తుందంటే, తినకుండా ఎలా చేస్తుందని నేనడిగిందే అందరూ అడుగుతారు. అప్పుడు నేనేం చెప్పాలి?"

"నా కోడలు తినలేదు అని చెప్పండి. ఆ ఒక్క మాట మీరంటే నాకు చాలు. ప్యాకెట్టులో కోడి లేదంటే నమ్మారు. నా కడుపులో లేదంటే నమ్మట్లేదు."

"నమ్మాలనే ఉంది. రుజువు చూపించు."

"లేనిదానికి రుజువెలా చూపించనత్తయ్యా? ఏవండీ, మీరన్నా ఒక్క మాట చెప్పండి. ఆ పెద్దాయన్ని పిలవండి. చెప్పింది తనేనని ఆయనే చెప్తాడు. నేను బయటపడతాను."

"నువ్వు బయటపడితే ఆయన లోపల పడతాడు."

"అంటే నా ఉద్యోగం పోయినా పర్వాలేదా?"

"అలా అన్నానా? నాకు ఆరున్నరదాకా టైమివ్వండి. వీధి చివరికి వెళ్ళి ఒక మనిషితో మాట్లాడి వస్తాను."

"కదలకు. ఇక్కడే నిలబడు. ఆరున్నరకి వీధి చివర నీకేం పని?"

"అయితే ఒక పని చేద్దాం అత్తయ్యా. మామగారు వచ్చేలోపు మీరే ఈ ప్యాకెట్టు విప్పి వాసన చూడండి. తినొద్దు, ఊరికే చూడండి. మీకు ఇందులో ఏదన్నా తప్పు కనబడితే రేపు నేనే రాజీనామా ఇచ్చేస్తాను."

"వద్దు!"

"ఎందుకురా వద్దు?"

"నీకు దగ్గొస్తుందమ్మా."

"నాకెప్పుడొచ్చిందిరా దగ్గు?"

"అది ఘాటు. తలనొప్పి కూడా వస్తుంది. ఇలా ఇచ్చెయ్, పారేస్తాను."

"చెయ్యి తియ్యి. చూసేదాన్ని కాదు, నువ్వు వద్దన్నావు కాబట్టి చూస్తాను. కత్తెర ఇవ్వమ్మా."

"ఇదిగోండి. మెల్లిగా, పొడి లేస్తుంది."

"ఊఁ."

"ఎలా ఉందత్తయ్యా?"

"ఉండు. ఇంకోసారి ఇలా పట్టు."

"ఏమైందత్తయ్యా? కళ్ళు తిరుగుతున్నాయా?"

"కోడి కాదమ్మా ఇది."

"నేను చెప్తున్నదీ అదేగా!"

"ఇది జిగురు."

"జిగురా? అందులో జిగురు వెయ్యలేదత్తయ్యా."

"నాకు తెలీదా? పుస్తకాలకి అట్టలు వేసే జిగురు. ప్రెస్సులో బుధవారం బుధవారం జిగురు కాస్తారు. ఆ రోజు మీ మామగారి చొక్కా అంతా ఇదే వాసన. ముందు పొగ, ఆ తర్వాత తీపిగా ఏదో, ఆఖర్న మాడు. చేతుల దగ్గర ఎక్కువగా ఉంటుంది. రెండుసార్లు సబ్బు పెట్టి నానబెడితేగానీ పోదు. ముప్పై రెండేళ్ళుగా ఉతుకుతున్నాను, ఈ వాసన నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"కానీ అత్తయ్యా... పదకొండు మంది..."

"అచ్చం కోడే అన్నారు కదూ."

"అన్నారు."

"ఒక్కరైనా జిగురనలేదా?"

"ఒక్కరు కూడా అనలేదత్తయ్యా."

"ఒరేయ్."

"అమ్మా."

"ప్రెస్సులో జిగురెప్పుడు కాస్తారురా?"

"జిగురు డబ్బాల్లో వస్తుందమ్మా. కాచరు. నేను పుట్టకముందు నుంచీ డబ్బాల్లోనే వస్తోందట."

"ఏవండీ! అయితే ఆ పెద్దాయన... మామగారా?"

"నేను చెప్పలేదు. అమ్మా, నేను చెప్పలేదు, గుర్తుంచుకో. మీరే కనిపెట్టారు."

"ఎప్పట్నుంచి తెలుసురా నీకు?"

"నెల రోజులు కూడా కాలేదు. ఆ రోజు ఈమె గదిలో పన్నెండో నంబరు కూడా పోయిందని ఏడుస్తుంటే నాన్న వసారాలోంచి విన్నారు. మర్నాడు నన్ను ప్రెస్సు వెనక సందులోకి రమ్మన్నారు. అక్కడొక చిన్న హోటలుంది. బుధవారాలు బొగ్గుల మీద కాలుస్తారు. నేను బల్లకి ఇవతల, ఆయన అవతల. నేను మంచినీళ్ళు తాగాను. ఆయన ఒక్కో ముక్కా నములుతూ చెప్పారు, నేను రాసుకున్నాను. 'కోడలికి చెప్పు. ఎవరు చెప్పారో మాత్రం చెప్పకు' అన్నారు. 'ఆ పిల్ల ఏడుస్తుంటే వినలేకపోతున్నానురా' అన్నారు."

"కోడలి ఏడుపుకి మూడు పేజీల నిజం చెప్పారు. ఈ వాసనేంటండీ అని నేనడిగితే ఒక్క ముక్కలో జిగురన్నారు."

"అత్తయ్యా, నామీద కోపమొచ్చిందా?"

"నీమీద ఎందుకమ్మా? నువ్వు తినలేదు. ఎవరడిగినా నేనే చెప్తాను, నా కోడలు తినలేదు అని. ఇదిగో, కళ్ళు తుడుచుకో. రేపు పదింటికి వెళ్ళి సంతకం పెట్టు."

"నిజంగానా!"

"గెంతకు, కింద వాటా వాళ్ళున్నారు. సరే, ఒక్కసారి గెంతు. చాలు."

"మరి నాన్న సంగతి ఏం చేస్తావమ్మా? ఇంకో పావుగంటలో వచ్చేస్తారు."

"ఏం చేస్తాను? కాళ్ళకి నీళ్ళిస్తాను. భోజనం పెడతాను. మీరిద్దరూ నోరు మెదపకండి."

"అడగవా?"

"ఇవాళ అడగను. అమ్మాయ్, సంతకం అయ్యాక ఇలాంటి పొట్లాలు ఇంకో రెండు అడిగి తీసుకుని, పన్నెండింటికల్లా ప్రెస్సు దగ్గరికి వచ్చెయ్. ఒరేయ్, నువ్వు సగం రోజు సెలవు పెట్టు. రేపు బుధవారం కదా, ముగ్గురం ఆ సందులోకి వెళ్దాం. ఆయన ముందు కూర్చుని, 'మీ కోడలు చేసింది, రుచి ఎలా ఉందో చెప్పండి' అని ఈ చిప్స్ పెడతాను. 'కోడిలా లేదే' అన్నారంటే, నాకు దొరికారు. 'అచ్చం కోడే' అన్నారంటే, అప్పుడూ నాకు దొరికారు."